ఎండోస్కోపు ఉండగా తల ఎందుకు తెరవాలి?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది విజయనగరం జిల్లాలో ఒక పల్లె. మా అమ్మకు 58 ఏళ్లు. బీపీ ఉంది, మాత్ర వేసుకుంటుంది. అడ్డపొగ (చుట్ట వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని తాగడం) అలవాటు ముప్ఫయ్యేళ్లుగా ఉంది. రెండు నెలల కిందట కళ్లు తిరుగుతున్నాయంటే విశాఖపట్నం తీసుకెళ్లి స్కాన్ చేయించాం. కళ్లు తిరగడం చెవి వల్లేనని తేలింది గానీ, ఆ స్కాన్‌లో మెదడు రక్తనాళం మీద బుడగ ఒకటి బయటపడింది. తర్వాత యాంజియోగ్రామ్ చేశారు. కుడివైపు పోస్టీరియర్ కమ్యూనికేటింగ్ ధమని మొదట్లో 8 మిల్లీమీటర్ల అన్యూరిజం (ఆ బుడగే), దాని మెడ (నాళానికి అంటుకునే చోటు) 5 మిల్లీమీటర్లు, పగల్లేదు అని రిపోర్టులో రాశారు. సర్జన్ గారు కణత దగ్గర తెరిచి, నెత్తురు బుడగలోకి పోకుండా దాని మెడకు క్లిప్పు వేస్తామని, మైక్రోస్కోపుతో చేస్తూ ఎండోస్కోపు సాయం కూడా తీసుకుంటామని చెప్పారు.

అప్పటినుంచి ఇంట్లో తలో మాట. "ఎండోస్కోపు ఉందంటున్నారుగా, మరి తల తెరవడమెందుకు? గాల్‌బ్లాడరుకు చేసినట్టు చిన్న చిల్లు పెట్టి చెయ్యొచ్చు కదా" అని మా బావ. "ఇక్కడెవరూ తల కోయించుకోవడం లేదు, తొడలోంచి తీగ పంపి కాయిల్ పెడుతున్నారు" అని టెక్సాస్‌లో ఉన్న చెల్లెలు. ఎండోస్కోపు పేరు చెప్పి బిల్లు పెంచుతారని మా చిన్నాన్న. అమ్మకు ఇంకా అసలు సంగతి చెప్పలేదు. 'చిన్న నరం వాపు' అన్నాం. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీ బావగారి ప్రశ్నతోనే మొదలుపెడతాను. నేను కత్తి పక్కన పెట్టి కొన్నేళ్లయినా ఈ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. పెళ్లిళ్లలో కూడా అడుగుతారు.

అడగడంలో తప్పేమీ లేదు. పిత్తాశయంలో రాళ్లకు ఒకప్పుడు పక్కటెముకల కింద జానెడు కోత పెట్టేవారు. ఇప్పుడు మూడు నాలుగు చిల్లులతో సరిపోతోంది. అందుకే స్కోపు అనే మాట వినబడగానే కోత తప్పిందని మనసు అనేసుకుంటుంది. కానీ పొట్టకున్న వెసులుబాటు తలకు లేదు. పొట్టలోకి కార్బన్ డయాక్సైడు పంపి ఉబ్బిస్తారు. పొట్ట గోడ పైకి లేచి, లోపల పనిముట్లు ఆడించడానికి గదంత చోటు వస్తుంది. కపాలం ఉబ్బదు. దాని లోపల మెదడు, నీరు, నెత్తురు సందు లేకుండా సర్దుకుని ఉంటాయి. మేం చోటు సంపాదించుకునే దారి ఒకటే. మెదడు చుట్టూ ఉన్న నీటిని కొంచెం కొంచెంగా పీల్చేసి, ముందు భాగానికీ పక్క భాగానికీ నడుమ పుట్టుకతోనే ఉన్న సందును మైక్రోస్కోపు కింద విడదీసుకుంటూ అడుగుదాకా వెళ్లడం. అలా వెళ్లాక దొరికే చోటు చూపుడువేలు పట్టేంత. ఆ కాస్తలోనే ఒక చేతిలో సక్షన్ గొట్టం, ఇంకో చేతిలో పనిముట్టు, మధ్యలో కంటి నరం, మెదడుకు నెత్తురు మోసే పెద్ద ధమని.

రెండో కారణం ఇంకా ముఖ్యం. అన్యూరిజం గోడ మామూలు నాళం గోడలా ఉండదు. కొన్నిచోట్ల ఎంత పల్చగా ఉంటుందంటే, లోపల నెత్తురు సుడులు తిరగడం బయటికి కనబడుతుంది. మేం విడదీస్తుండగానే అది పగిలిందనుకోండి, క్షణంలో ఆ గుంటంతా నెత్తురుతో నిండిపోతుంది. అప్పుడు వెడల్పైన సక్షన్‌తో పీల్చాలి, బుడగకు ముందున్న పెద్ద ధమనికి తాత్కాలికంగా ఒక క్లిప్పు వేసి ప్రవాహం ఆపాలి, నిమిషాలు లెక్కపెట్టుకుంటూ పని ముగించాలి. రెండు చేతులూ, కొన్నిసార్లు అసిస్టెంటు చేతులూ లోపలికి వెళ్లే దారి ముందే ఉండాలి. పైగా నెత్తురు చుక్క పడగానే ఎండోస్కోపు కన్ను మూసుకుపోతుంది. వానలో వైపరు లేని కారు అద్దం చూశారు కదా, అదే పరిస్థితి. మైక్రోస్కోపు మాత్రం గుంటకు ఒక అడుగు ఎత్తున ఉంటుంది. దాని మీద నెత్తురు పడదు.

ముక్కులోంచి ఎండోస్కోపు పంపి, పుర్రె అడుగు తెరిచి అన్యూరిజానికి క్లిప్పు వేసిన కేసులు ప్రపంచంలో లేకపోలేదు. మెదడు నీరు ముక్కులోకి కారే ప్రమాదం, పగిలితే అదుపు చేసుకోవడంలో కష్టం ఉండటం వల్ల అవి ఏరి కోరి తీసుకున్న కొన్ని కేసుల దగ్గరే ఆగిపోయాయి. మీ అమ్మగారి బుడగ ఉన్న చోటుకు ఆ దారి నేను సూచించను.

మరైతే మీ సర్జన్ ఎండోస్కోపు ఎందుకంటున్నారు? నాకు నచ్చిన సంగతి ఇదే కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను.

మైక్రోస్కోపు గొప్పదే. 1960ల్లో జ్యూరిక్‌లో యాసర్గిల్ దాన్ని అన్యూరిజం ఆపరేషన్లకు అలవాటు చేశాక మా వృత్తే మారిపోయింది. కానీ అది చూసేది తిన్నగానే. వీధి గుమ్మంలో నిలబడ్డ మనిషికి వసారా కనబడుతుంది, నడవ కనబడుతుంది, ఎదురుగా ఉన్న స్తంభం కనబడుతుంది. స్తంభం వెనకాల ఎవరు కూర్చున్నారో కనబడదు. ఎంత పెద్ద లైటు వేసినా కనబడదు. మీ అమ్మగారి కేసులో ఆ స్తంభం పేరు అంతర కెరోటిడ్ ధమని, ఇందాక చెప్పిన పెద్ద ధమనే. కణత వైపు నుంచి వెళ్లే సర్జన్‌కు ముందు అదే ఎదురవుతుంది. పోస్టీరియర్ కమ్యూనికేటింగ్ అనే కొమ్మ దాని వీపు మీంచి బయల్దేరుతుంది. బుడగ పుట్టేది కూడా ఆ మొదట్లోనే, వెనక్కి తిరిగి. అంటే క్లిప్పు సరిగ్గా కూర్చోవాల్సిన మెడలో ఒక భాగం స్తంభం చాటున ఉంటుంది.

ఆ చాటున ఉండేది బుడగ మెడ ఒక్కటే కాదు. అక్కడికి ఒకట్రెండు మిల్లీమీటర్ల దూరంలోనే యాంటీరియర్ కోరాయిడల్ అనే ధమని బయల్దేరుతుంది. మిల్లీమీటరు లావు ఉంటే గొప్ప. చూడటానికి దారప్పోగు, కానీ మెదడులోంచి చేతికీ కాలికీ ఆజ్ఞలు దిగే దారికి నెత్తురు పోసేది అదే. క్లిప్పు కొన దాన్ని నొక్కేస్తే ఎదుటివైపు కాలూ చెయ్యీ పడిపోతాయి, చూపులో సగం పోవచ్చు. పోస్టీరియర్ కమ్యూనికేటింగ్ నుంచి కూడా వెంట్రుకల్లాంటి కొమ్మలు పైకి, మెదడు నడిబొడ్డుకు వెళ్తాయి. వాటిలో దేన్నీ పోగొట్టుకోవడానికి లేదు.

ఎండోస్కోపు అనేది పెన్సిలు కన్నా సన్నని లోహపు గొట్టం. మేం వాడేవి ఎక్కువగా 4 మిల్లీమీటర్లవి, ఇంకా సన్నవి 2.7 మిల్లీమీటర్లవి. లోపల గాజు కడ్డీలు వరసగా పేర్చి ఉంటాయి. ఇంగ్లండులో హెరాల్డ్ హాప్కిన్స్ అనే భౌతిక శాస్త్రవేత్త కనిపెట్టిన ఏర్పాటు అది. 1960ల్లో జర్మనీలో కార్ల్ స్టోర్జ్ సంస్థ దాన్ని తయారీలోకి తెచ్చింది. మాకు పనికొచ్చే కిటుకు దాని కొనలో ఉంది. కొన తిన్నగా కాకుండా 30 డిగ్రీలో, 45 డిగ్రీలో, 70 డిగ్రీలో పక్కకు చూసేట్టు చేస్తారు. అంటే స్తంభం పక్కదాకా వెళ్లి, మెడ చాచి వెనక్కి తొంగిచూసినట్టు. మెదడును అదనంగా లాగక్కర్లేదు, ధమనిని పక్కకు నెట్టక్కర్లేదు, కొన్నిసార్లు అడ్డొచ్చే ఎముక ముక్కను అరగదీసే పనీ తప్పుతుంది. నేను నేర్చుకునే రోజుల్లో దీని కోసం పళ్ల డాక్టరు అద్దం లాంటి బుల్లి అద్దాన్ని దించి చూసేవాళ్లం. ఆవిరి పట్టేది, నెత్తురు అంటేది, కనబడిందేదో తలకిందులుగా కనబడేది. ఆ అద్దం చూసినవాడికి 30 డిగ్రీల ఎండోస్కోపు విలువ చెప్పనక్కర్లేదు.

ఇది మీ ఆస్పత్రివాళ్లు నిన్న మొన్న మొదలెట్టిన ప్రయోగం కాదు. పక్కకు చూసే ఎండోస్కోపుతో మెదడు ఆపరేషన్ల గురించి లాస్ ఏంజెలిస్ నుంచి అపుజో బృందం 1977లోనే రాసింది. దాన్నొక పద్ధతిగా తీర్చిదిద్దింది జర్మనీలో మైన్జ్ నగరపు సర్జన్ ఆక్సెల్ పెర్నెట్స్కీ. కనుబొమ్మ మీద చిన్న కోత, కింద రెండు మూడు సెంటీమీటర్ల వెడల్పున ఎముకలో కిటికీ, లోపల మైక్రోస్కోపుతో పని, చాటు మూలలకు ఎండోస్కోపు. కీహోల్ అనే మాట ఆయనతోనే మా వాడుకలోకి గట్టిగా వచ్చింది. కీహోల్ ఆపరేషన్, ఎండోస్కోపు సాయం అనేవి రెండు వేర్వేరు సంగతులు. కలిసి ఉండొచ్చు, విడిగానూ ఉండొచ్చు. మీ సర్జన్ కణత దగ్గర మామూలు దారే ఎంచుకున్నారు. 8 మిల్లీమీటర్ల బుడగకు, వెడల్పైన మెడకు నేనైనా కాస్త విశాలమైన దారే తీసుకునేవాణ్ణి. మచ్చ రెండంగుళాలు తగ్గినందుకు ఎవరూ నాకు దండ వెయ్యరు.

అసలు మొట్టమొదటిసారి క్లిప్పు వేసిన అన్యూరిజం కూడా మీ అమ్మగారికి ఉన్న చోటుదే. 1937 మార్చిలో, బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో వాల్టర్ డాండీ వెండి క్లిప్పుతో దాని మెడ మూశాడు. మైక్రోస్కోపు లేదు, యాంజియోగ్రామ్ లేదు. ఆ రోగికి కంటి రెప్ప వాలి, కనుగుడ్డు కదలకుండా అయింది. దాన్ని బట్టే చోటు పోల్చుకున్నాడు. ఆ రెప్ప సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

ఆపరేషన్ గదిలో ఎండోస్కోపు చేతికొచ్చేది రెండు మూడు సార్లే, ఒక్కోసారి కొద్ది నిమిషాలే. మైక్రోస్కోపు కింద దారి అంతా విడదీశాక, క్లిప్పు వెయ్యబోయే ముందు ఒకసారి దించి చూస్తారు. మెడ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోంది, వెనకాల ఏ కొమ్మలున్నాయి, క్లిప్పు కొనలు ఎటు వస్తాయి అనేవి తేల్చుకుంటారు. తర్వాత మైక్రోస్కోపు కిందే క్లిప్పు వేస్తారు. దండెం మీద బట్టలకు పెట్టే క్లిప్పు లాంటిదే, టైటానియంతో చేసినది. అప్పుడు మళ్లీ ఎండోస్కోపు. మెడ మొత్తం మూసుకుందా, వెనక అంచున కొంచెం మిగిలిందా, కొమ్మ ఏదైనా ఇరుక్కుందా? మిగిలిన ముక్క ఏళ్ల తర్వాత మళ్లీ ఉబ్బొచ్చు. ఇరుక్కున్న కొమ్మ మరి కాసేపట్లోనే దెబ్బ తీస్తుంది.

ఒకసారి మా థియేటర్లో, సరిగ్గా ఇలాంటి కేసులోనే, మైక్రోస్కోపులో చూసి క్లిప్పు అద్దంలో బొట్టు పెట్టినట్టు కూర్చుందని మురిసిపోయాం. ఎండోస్కోపు దించితే క్లిప్పు కొన కింద ఆ దారప్పోగు ధమని నలుగుతూ కనబడింది. క్లిప్పు తీసి, కోణం మార్చి మళ్లీ వేశాం. ఆయన మూడోరోజు ఎడం చేత్తో గ్లాసు పట్టుకుని కాఫీ తాగారు. అందరికీ ఇలా జరుగుతుందని కాదు. చాలాసార్లు ఎండోస్కోపులో కొత్తగా ఏమీ కనబడదు, అంతా సరిగానే ఉందని తేలుతుంది. ఆ తేలడం కూడా నాకు కావాల్సిందే.

అదొక్కటే తోడు కాదని కూడా మీకు తెలియాలి. ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగును నరంలోకి ఎక్కించి, మైక్రోస్కోపులో ప్రత్యేకమైన వెలుతురు కింద చూస్తే ప్రవాహం ఉన్న నాళాలు తెల్లగా వెలుగుతాయి. అయితే ఇదీ మైక్రోస్కోపు చూపు పడినంత మేరకే. చాటున ఉన్న కొమ్మ వెలిగిందో లేదో చెప్పదు. ఆ రంగును పట్టే ఎండోస్కోపులు వచ్చాయి గానీ అన్ని ఆస్పత్రుల్లోనూ లేవు. బుల్లి డాప్లర్ గొట్టం ఆనించి నెత్తురు చప్పుడు వినడం, తల మీంచి కరెంటు మీటి చెయ్యీ కాలూ స్పందిస్తున్నాయో లేదో మత్తులో ఉండగానే చూసుకోవడం కూడా ఉన్నాయి. మంచి జట్టు వీటిలో రెండు మూడింటిని కలిపి వాడుతుంది.

ఇన్ని పొగిడాను కాబట్టి దాని దోషాలు దాచను. ఎండోస్కోపు కొనకు ముందున్నది మాత్రమే చూపిస్తుంది. లోపల ఉన్న గొట్టం పొడవు ఎక్కడ దేనికి రాసుకుంటోందో ఆ తెర మీద కనబడదు. ఇత్తడి బిందెల దుకాణంలో భుజాన నిచ్చెన వేసుకుని తిరిగినట్టు ఉంటుంది. ముందు చూసుకుంటే చాలదు, వెనక కొస గుర్తుండాలి. అందుకే దాన్ని దించేటప్పుడు, తీసేటప్పుడు మైక్రోస్కోపులోంచి ఒకరు కన్ను వేసి ఉంచాలి. కొన దగ్గర దీపం వేడి కూడా ఉంటుంది. వెలుతురు తగ్గించుకోవాలి, నీళ్లు పోస్తుండాలి, ఎక్కువసేపు ఉంచకూడదు. తాజాగా పగిలి మెదడు వాచిపోయిన రోగిలో అసలు చోటే ఉండదు. బుడగ కొన పల్చగా, మన దారి వైపే తిరిగి ఉంటే, క్లిప్పు పడకముందు దాని పక్కగా గొట్టం దూర్చడం నాకు ఇష్టం ఉండదు. ఇలాంటప్పుడు 'ఇవాళ ఎండోస్కోపు వద్దు' అనే సర్జన్‌ను చూసి భయపడకండి. ముందు చెప్పింది చెయ్యలేదని దెబ్బలాడకండి కూడా.

ఎండోస్కోపు వాడినందువల్ల ఫలితాలు ఇంత శాతం మెరుగుపడ్డాయని ఎవరైనా మీకు అంకె చెబితే నమ్మకండి. దీని మీద ఉన్నవి ఎక్కువగా సర్జన్లు తమ కేసుల్ని తామే లెక్కేసి రాసుకున్న నివేదికలు. వాటిలో తరచుగా కనబడేది, ఎండోస్కోపులో చూశాక కొన్ని కేసుల్లో క్లిప్పు స్థానం మార్చాల్సి వచ్చిందనే మాట. నా అనుభవం కూడా అదే. అది రెండో కన్ను. క్లిప్పు వేసేది మాత్రం మొదటి నుంచి చివరిదాకా చెయ్యే. అందుకే పరికరం గురించి కన్నా ఆ చేతి గురించి ఎక్కువ విచారించండి.

ఇక మీ చెల్లెలి మాట. తొడలోంచో మణికట్టులోంచో సన్నని తీగ పంపి, బుడగ లోపల ప్లాటినం చుట్టలు నింపే పద్ధతి 1990లో లాస్ ఏంజెలిస్‌లో గుగ్లియెల్మీ మొదలుపెట్టింది. 2002లో కాయిల్‌నూ క్లిప్పునూ పోల్చి చూసిన ఐశాట్ అనే పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చాయి. 2,143 మంది రోగులు. ఏడాది తర్వాత చనిపోయినవాళ్లు, ఒకరి మీద ఆధారపడ్డవాళ్లు కలిపి కాయిల్ గుంపులో 23.7 శాతం, క్లిప్పు గుంపులో 30.6 శాతం. ఆ తర్వాత ప్రపంచమంతా కాయిల్ వైపు మొగ్గింది. మీ చెల్లెలు చెప్పేది గాలి కబురు కాదు. అయితే ఆ పరీక్షలో ఉన్నవాళ్లందరికీ బుడగ అప్పటికే పగిలింది. మీ అమ్మగారికి పగల్లేదు. పైగా రెండు పద్ధతుల్లోనూ చెయ్యొచ్చని అనిపించినవాళ్లనే అందులోకి తీసుకున్నారు. మీ అమ్మగారి బుడగ మెడ 5 మిల్లీమీటర్లు. మూతి వెడల్పు కుండలో గోళీలు నింపితే బయటికి దొర్లినట్టు, వెడల్పు మెడలో చుట్టలు నిలవవు. స్టెంటు అడ్డం పెట్టాలి. స్టెంటు పెడితే నెత్తురు పల్చబడే మాత్రలు నెలల తరబడి, ఒకటి బహుశా జీవితాంతం. కాయిల్ పెట్టిన బుడగ మళ్లీ తెరుచుకునే అవకాశం క్లిప్పు కన్నా ఎక్కువ కాబట్టి ఏళ్లపాటు యాంజియోగ్రామ్‌లు చేయిస్తూ ఉండాలి. పల్లెలో ఉండే మనిషికి, మాత్ర ఒక వారం మరిచిపోతే స్టెంటు మూసుకుపోయే ప్రమాదాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. అలాగని క్లిప్పే సరి అని ఈ కాగితం మీంచి తీర్పు చెప్పను. ఒక పని చెయ్యండి. యాంజియోగ్రామ్ సీడీ పట్టుకెళ్లి కాయిల్ వేసే డాక్టరుకు కూడా చూపించండి. పోస్టీరియర్ కమ్యూనికేటింగ్ ధమని ఎంత లావుందో అడగండి. కొందరిలో మెదడు వెనక భాగానికి నెత్తురంతా దాని మీదే ఆధారపడుతుంది. అలా ఉంటే దాన్ని కాపాడటం క్లిప్పు వేసేవాడికీ కాయిల్ వేసేవాడికీ ప్రధాన సమస్యే. ఇద్దరు డాక్టర్లూ ఒకే గదిలో కూర్చుని మాట్లాడుకునే ఆస్పత్రి అయితే మరీ మంచిది.

అసలు ఏమీ చెయ్యకుండా ఉండొచ్చా అని మీరు అడగలేదు. అడిగి ఉండాల్సింది. పెద్దవాళ్లలో వందకు ముగ్గురికి ఇలాంటి బుడగలు ఉంటాయని అంచనా. చాలామంది వాటితోనే ముసలివాళ్లయి వేరే కారణంతో పోతారు. 2003లో వచ్చిన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో 7 నుంచి 12 మిల్లీమీటర్ల బుడగలు, అంతకుముందు ఏ బుడగా పగలని మనుషుల్లో, మెదడు ముందు ధమనుల మీదున్నవైతే అయిదేళ్లలో 2.6 శాతం పగిలాయి. వెనక ధమనుల మీదివి, మీ అమ్మగారి చోటువి కలిపి లెక్కేసిన గుంపులో 14.5 శాతం. 2012లో వచ్చిన జపాన్ అధ్యయనంలో అన్ని సైజులూ కలిపి ఏడాదికి 0.95 శాతమే గానీ, అందులోనూ ఈ చోటు బుడగలు ఎక్కువగా పగిలే రకంలోనే చేరాయి. 58 ఏళ్లు, 8 మిల్లీమీటర్లు, ఈ చోటు, బీపీ, పొగ. వీటన్నిటినీ చూస్తే చికిత్స వైపే నా మొగ్గు. రేపే చెయ్యాలన్నంత తొందర లేదు. రెండో అభిప్రాయం తీసుకునే వ్యవధి ఉంది, ఏడాది వాయిదా వేసేంత లేదు.

బిల్లు గురించి చిన్నాన్నగారిని స్థిమితపరచండి. ఎండోస్కోపు కాయిల్ లాగా ఒక రోగికి వాడితే అయిపోయే వస్తువు కాదు. పీయూష గ్రంథి గడ్డలు ముక్కులోంచి తియ్యడానికీ, మెదడులో నీరు చేరిన పిల్లలకూ వాడటానికి న్యూరోసర్జరీ విభాగంలో అది ముందే ఉంటుంది. విడిగా రుసుము వేస్తున్నారా అని ఆపరేషన్‌కు ముందే అంచనా కాగితం రాయించుకోండి. ఆరోగ్యశ్రీ (2024 నుంచి ఎన్టీఆర్ వైద్యసేవ) కిందికి వస్తే ఆస్పత్రిలో ఆ పథకం సహాయకుణ్ణి ముందుగా కలవండి, తర్వాత కాదు.

సర్జన్‌ను అడగాల్సింది వేరే ఉంది. ఏడాదికి ఎన్ని అన్యూరిజాలకు క్లిప్పు వేస్తారు? ఈ చోటువి ఎన్ని? ఎండోస్కోపు ఎన్నింటిలో వాడారు, దాన్ని పట్టుకునేది ఎవరు, ఆ ఇద్దరూ కలిసి పనిచేసిన అలవాటు ఉందా? లోపల రంగుతో చూసే ఏర్పాటు ఉందా? ఆపరేషన్ తర్వాత యాంజియోగ్రామ్ చేసి మెడ మూసుకుందని మాకు చూపిస్తారా? నెలకు ఒక్కటి కూడా చెయ్యని చోట తెర మీద ఎంత అందమైన బొమ్మ కనబడినా నా అక్కచెల్లెళ్లను నేను చేర్పించను. ఈ ప్రశ్నలకు నొచ్చుకునే సర్జన్ కన్నా, అంకెలు నోటికి చెప్పే సర్జన్ మేలు.

అమ్మగారి దగ్గరికి వద్దాం. ఆవిడకు చెప్పాలి. 'చిన్న నరం వాపు' అని థియేటర్లోకి పంపితే, లేచేసరికి కన్ను వాచి, తల మీద కుట్లుండి, నమలబోతే దవడ పట్టేసి ఉంటుంది. అప్పుడు మీరు చెప్పే ఏ మాటా నమ్మదు. పైగా సంతకం పెట్టాల్సింది ఆవిడ. 'నెత్తురు గొట్టం ఒకచోట పల్చబడి బుడగలా ఉబ్బింది, పగలకముందే దాని మెడకు క్లిప్పు పెట్టేస్తారు, తీసిన ఎముకను మళ్లీ అక్కడే బిగిస్తారు' అంటే ఆవిడకు అర్థమవుతుంది. టీవీలో వాడే 'తలలో టైంబాంబు' అనే మాట మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. భయంతో బీపీ పెంచడం తప్ప ఆ మాట చేసే మేలు లేదు.

చెప్పడానికి ఇంకో కారణం ఆ అడ్డపొగ. మీ ప్రాంతంలో దాన్ని అంగిలి పుండ్లతోనే ముడిపెడతారు, అది నిజమే. కానీ చుట్ట ఏ కొస నోట్లో పెట్టినా పొగ పొగే. ఈ బుడగలు పెరగడానికీ పగలడానికీ పొగ ముఖ్యమైన కారణాల్లో ఒకటి. కారణం తెలియని మనిషి ముప్ఫయ్యేళ్ల అలవాటు ఎందుకు మానుతుంది? ఆపరేషన్‌కు ముందు కొన్ని వారాలైనా మానితే మత్తు డాక్టరు మీకు దణ్ణం పెడతారు. బీపీ మాత్ర ఒక్క పూట తప్పకూడదు. మలబద్ధకం ఉంటే మందు ఇప్పించండి, ముక్కి కూర్చోవద్దని చెప్పండి.

ఈ లోగా కుడి కంటి పైరెప్ప వాలినా, ఒకటి రెండుగా కనబడినా, ఆ కంటి పాప ఎడమదాని కన్నా పెద్దదైనా వెంటనే బయల్దేరండి. బుడగ పెరిగి పక్కనున్న, కన్నును కదిపే నరాన్ని నొక్కుతోందని అర్థం. డాండీ రోగికి జరిగింది అదే. నెత్తిన పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా తలనొప్పి వచ్చి, వాంతి అయి, మెడ బిగిస్తే పగిలిందనే అనుకుని 108కి ఫోను చెయ్యండి. ఊళ్లో ఆరెంపీతో ఇంజెక్షన్ వేయించి రాత్రి గడపొద్దు. దగ్గర్లోని చిన్న ఆస్పత్రికి కాకుండా, క్లిప్పో కాయిలో వేసే సౌకర్యం ఉన్నచోటికే తీసుకెళ్లమనండి.

మీరూ, చెల్లెలూ స్కాన్ చేయించుకోవాలా అనే అనుమానం ఎలాగూ వస్తుంది. తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల్లో కనీసం ఇద్దరికి ఇది ఉన్న కుటుంబాల్లోనే సాధారణంగా చేయిస్తాం. అమ్మగారి తోబుట్టువుల్లో ఎవరైనా ఉన్నట్టుండి తలనొప్పితో పడిపోయి పోయారేమో మీ మేనమామలను అడిగి చూడండి. అలాంటిదేమీ లేకపోతే బీపీ చూపించుకుంటూ, పొగకు దూరంగా ఉంటే చాలు.

క్లిప్పు పడ్డాక ఆస్పత్రివాళ్లు దాని కంపెనీ, రకం, నంబరు ఉన్న కార్డు ఇస్తారు. అడిగి మరీ తీసుకోండి. ఇప్పటి టైటానియం క్లిప్పులతో ఎం.ఆర్.ఐ. తీయించుకోవచ్చు గానీ, కార్డు చూపించకపోతే స్కాన్ సెంటర్‌లో ఒప్పుకోరు. ఒక జిరాక్స్ రేషన్ కార్డుతో పాటు దాచండి, ఫోటో తీసి చెల్లెలికి కూడా పంపండి.